బురుజుపేట నుంచి పాత పోస్టాఫీసు దాకా

మార్గశిర మాసంలో ఒక బుధవారం తెల్లవారుజామున విశాఖపట్నం స్టేషనులో దిగి పాత పట్నమైన వన్ టౌన్‌కు పోవాలనగానే, ఆటో నడిపే పెద్దాయన "అమ్మవారి దర్శనానికా?" అని అడిగాడు. గురువారం కనకమహాలక్ష్మి దర్శనం చేసుకోవాలని నాకూ ఉంది. కాని నన్ను ఇంత హడావిడిగా రైలెక్కించింది, వారం కిందట మా పిన్ని ఫోనులో అన్న మాట: "రోడ్డు విస్తరణ అంటున్నారు, ఈ వీధి ఎన్నాళ్ళుంటుందో తెలీదు, ఉన్నప్పుడే ఓసారి వచ్చి చూసుకెళ్ళు నాన్నా." అమ్మమ్మగారి ఇల్లు బురుజుపేటకు నడిచి పోయేంత దూరంలో ఉంది. నా చిన్ననాటి వేసవి సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. ఇప్పుడు అందులో పిన్ని, బాబాయి ఉంటున్నారు. ముందు గదిని, పక్క వాటాను అద్దెకిచ్చారు.

ఆటో దిగగానే మొదట కంటపడింది అరుగు. నా చిన్నప్పుడు వీధిలోంచి అరుగు మీదికి మూడు మెట్లుండేవి. మూడో మెట్టు మీద కూర్చుని కాళ్ళు వేలాడేస్తే నేలకు అందేవి కావు. ఇప్పుడు మెట్లు లేవు. వాటిని ఎవరూ తీసేయలేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్త పొర పోయడం వల్ల వీధి పైకి లేచింది, ఇల్లు ఉన్నచోటనే ఉండిపోయింది. అరుగు ఇప్పుడు రోడ్డు కన్నా ఒక బెత్తెడు దిగువన ఉంది. గట్టి వాన పడితే కాలువలోని నీరు సరాసరి వసారాలోకి వస్తుందని, గుమ్మానికి అడ్డంగా ఇసుక మూటలు పెట్టుకుంటున్నామని పిన్ని చెప్పింది. ఈ ఊరికి చేసిన బాగు ఎలాంటిదో ఎవరైనా అడిగితే నేను ఆ అరుగును చూపిస్తాను. ఖర్చు అయింది, పని జరిగింది, రోడ్డు నున్నగానే ఉంది. ఇంటి గడప మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

రెండో సంగతి ఆ పూటే చూశాను. పిన్ని తెల్లటి గుడ్డ ఒకటి తడిపి, పిండి, కిటికీ గట్టు మీద ఒక్కసారి లాగి నా చేతికిచ్చింది. గుడ్డ మీద నాలుగు వేళ్ళ వెడల్పున నల్లటి చార పడింది. రాత్రి పడుకోబోయే ముందు తుడిచిన గట్టు అది. పోర్టులో దిగే బొగ్గు, ఎగుమతికి వచ్చే ఇనుప ఖనిజం గుట్టల మీదుగా గాలి వీచినప్పుడు ఈ పేటలన్నిటి మీదా ఆ ధూళి పడుతుంది. చలికాలంలో గాలి నేల మీది నుంచి సముద్రం వైపు తిరగడంతో బాధ మరీ ఎక్కువని బాబాయి అన్నాడు. ఆయన ముప్ఫయి ఏళ్ళకు పైగా పోర్టులోనే పనిచేసి రిటైరయినవాడు. "పోర్టు తిండే తిన్నాం, కాదనను. గుట్టల మీద నీళ్ళు కొడతారు, టార్పాలిన్ పట్టాలు కప్పుతారు, ఇదివరకటి కంటే నయమే. కాని మీ పిన్ని ఈ రోజుకీ ఉతికిన బట్టలు గదిలోనే ఆరేస్తుంది," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, కృతజ్ఞత ఉంది, అలసట కూడా ఉంది.

ఈ పేటలకు ఈ గతి ఒక్కరోజులో పట్టలేదు. 1682లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాల పెట్టినప్పటి నుంచి ఊరంటే ఇదే. కోట వీధి, బురుజుపేట, సోల్జర్‌పేట అన్న పేర్లే అందుకు సాక్ష్యం. 1933లో ఓడరేవు తెరిచాక ఊరి బతుకు మారింది. ఉప్పుటేరు ఓడల దారి అయింది. ఆ దారికి ఆనుకుని వరుసగా నిలిచిన మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి ఇప్పటికీ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉన్నాయి. కొండల కింద పేటల్లో పని పెరిగింది, జనం పెరిగారు, ఇళ్ళు వాటాలుగా విడిపోయాయి. ఆ తరవాత డబ్బున్నవాళ్ళు ఒక్కొక్కరే ద్వారకా నగర్‌కు, ఎంవీపీ కాలనీకి, మధురవాడకు తరలిపోయారు. వాళ్ళ వెనకాల ఇళ్ళు మిగిలాయి, అద్దెకున్నవాళ్ళు మిగిలారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు ఇంటికి తాళాలు వేసి బండి కట్టుకుని పల్లెకు పోయామని అమ్మమ్మ చెబుతుండేది. "మళ్ళీ వచ్చి చూస్తే తాళం తాళంలాగే ఉంది," అన్న మాటతో ఆ కథ ముగించేది. ఈసారి పోతే తిరిగి రావడానికి తాళం వేసిన తలుపు కూడా ఉండదని పిన్ని భయం.

ఆ మధ్యాహ్నం కురుపాం మార్కెట్టుకు వెళ్ళాను. అమ్మ పెళ్ళి గొలుసు కొక్కెం ఊడిపోతే బాగుచేయించే పని కూడా ఉంది. బంగారం కొట్ల మధ్య ఒక మేడ మెట్లెక్కితే, ఎనిమిదడుగుల గదిలో ముగ్గురు పనివాళ్ళు పీటల మీద కూర్చుని ఉన్నారు. అందులో పెద్దవాడు గొలుసును వెలుతురుకు ఎత్తి చూసి, పటకారుతో కొక్కెం విప్పి, ఆవగింజంత టంకం ముక్క పెట్టి, ఊదుగొట్టంతో మంటను సూదిమొనలా సాగదీశాడు. టంకం మెరిసి కరిగి కీలులోకి దిగిపోవడానికి ఒక్క క్షణం పట్టింది. పని అయ్యాక చిన్న చీపురుతో పీట చుట్టూ చిమ్మి, ఆ దుమ్మును ఒక డబ్బాలోకి ఎత్తాడు. నేను చూస్తున్నది గమనించి, "ఇది పారేయమండి. ఏడాదికోసారి దీన్ని కడిగేవాళ్ళు కొనుక్కెళతారు. ఇందులో మా చెమటతో పాటు బంగారమూ ఉంది," అన్నాడు.

ఈ ప్రాంతాన్ని తిరగకట్టే మాట వస్తే మీరేమంటారని అడిగాను. ఆయన చేతిలో పని ఆపకుండానే చాలాసేపు చెప్పాడు. బేరం ఒప్పుకునే షావుకారు కింద కొట్లో ఉంటాడు. బంగారం నాణ్యం చూసే టంచ్ కొట్టు రెండు గుమ్మాల అవతల. అచ్చు కొట్టేవాడు వెనక సందులో. మెరుగు పెట్టేవాడు పక్క మేడ మీద. ఒక్క నగ పూర్తి కావడానికి రోజులో ఐదారుసార్లు చేతులు మారుతుంది, ఆ చేతులన్నీ నడక దూరంలో ఉండబట్టే అతనికి కూలి గిడుతోంది. "మాకు పెద్ద కాంప్లెక్సు కట్టి ఇస్తామంటారేమో. నాలుగో అంతస్తులో నన్ను, ఊరవతల మెరుగు పెట్టేవాణ్ణి పెడితే నగ ఎవరు మోసుకు తిరుగుతారండి? దారిలో పోతే ఎవరిది పూచీ? బాగుచేయొద్దని ఎవులన్నారు? ఈ వైర్లు చూడండి, ఈ మెట్లు చూడండి. మంట పెట్టుకుని బతికేవాళ్ళం, ఫైరింజను రాని సందులో కూర్చున్నాం. కరెంటు సరిచేయండి, దారి చేయండి. మమ్మల్ని మాత్రం విడగొట్టొద్దు," అన్నాడు.

పట్టణాలను తిరగకట్టడం గురించి నేను చదివినవాటిలో ఇంత స్పష్టంగా చెప్పినవి తక్కువ. పైనుంచి చూసేవారికి ఇరుకుగా, అడ్డదిడ్డంగా కనిపించేది ఆ పనివాళ్ళకు ఒక కర్మాగారం. దానికి ప్రహరీ గోడ లేదు, అంతే. కింది కొట్టు యజమాని అభిప్రాయం వేరు. ఆయనకు కావలసింది కార్లు నిలిపే చోటు. పెళ్ళి నగలు కొనేవారు కారు ఆపలేక జగదాంబ వైపు పెద్ద షోరూములకు పోతున్నారని, రోడ్డు వెడల్పు కాకపోతే పదేళ్ళలో మార్కెట్టే ఉండదని ఆయన ఆవేదన. అదీ నిజమే. ఒకే మేడలో కింద ఒకరు, పైన ఒకరు. ఇద్దరిదీ ఒకే వ్యాపారం, ఇద్దరికీ ఒకే భయం, కోరేది మాత్రం వేరు వేరు.

గురువారం నాలుగు గంటలకే లేచి గుడి వరుసలో నిలబడ్డాం. కనకమహాలక్ష్మి గర్భగుడికి పైకప్పు లేదు. భక్తులు తమ చేతులతోనే అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పిస్తారు. ఈ అమ్మవారు బావిలో దొరికిందని, 1917లో వీధి వెడల్పు చేయడానికి మునిసిపాలిటీ వాళ్ళు విగ్రహాన్ని పక్కకు జరిపితే ఊళ్ళో ప్లేగు చెలరేగిందని, తిరిగి యథాస్థానంలో నిలిపాకనే శాంతించిందని పెద్దలు చెబుతారు. చిన్నప్పుడు ఈ కథను మహిమగా విన్నాను. ఈసారి వరుసలో నా వెనక నిలబడిన కొబ్బరికాయల వ్యాపారిణి అదే కథను మరో గొంతుతో చెప్పింది: "అమ్మనే కదపలేకపోయారు. కదలనని ఆవిడ చెప్పుకోగలిగింది. మావు సెప్తే ఎవులింటారు తల్లీ?" ఆమె కుటుంబం రెండు తరాలుగా గుడి ముందు బల్ల పెట్టుకుని బతుకుతోంది. బల్లకు పట్టా లేదు. ఏ పథకం వచ్చినా మొదట లేచిపోయేది ఆ బల్లే అని ఆమెకు తెలుసు.

దర్శనం అయ్యాక పాత పోస్టాఫీసు దాకా నడిచాం. దారిలో టౌన్ హాలు దగ్గర ఆగాం. ఒకప్పుడు గోడల్లో రావి మొక్కలు మొలిచి, కిటికీ రెక్కలు వేలాడుతూ ఉన్న ఆ రాతి కట్టడాన్ని స్మార్ట్ సిటీ పథకం కింద మరమ్మతు చేశారు. 2016 జనవరిలో ఎంపిక చేసిన తొలి ఇరవై నగరాల్లో విశాఖపట్నం ఒకటి. రాళ్ళ మధ్య సున్నం గీతలు తేటగా కనిపిస్తున్నాయి, కమానులు నిండుగా నిలబడ్డాయి. నాకు నిజంగా సంతోషం కలిగింది; కూల్చి కొత్తది కట్టడం కన్నా ఇది ఎంతో మేలు. అక్కడే ఆర్కిటెక్చర్ చదువుతున్న ఒక అమ్మాయి పుస్తకంలో బొమ్మ గీసుకుంటోంది. ఆమెదీ వన్ టౌనే. సి.వి. రామన్ చదివిన సెయింట్ అలోషియస్ బడి, యూరోపియన్ల పాత శ్మశానం, మండువా ఇళ్ళు కలిపి నడక యాత్రలు పెడితే ఇక్కడి పిల్లలకు ఉపాధి దొరుకుతుందని ఆమె నమ్మకం. 2023లో పోర్టులో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమయ్యింది కాబట్టి ఓడ దిగినవారు ఇక్కడికి నడిచి రావచ్చునంది.

"కాని ఒక్క సంగతండి," అంటూ ఆమె పెన్సిలు పక్కన పెట్టింది. "హాలు బాగుచేసేటప్పుడు ఇందులో ఏం జరిగితే బాగుంటుందని ఈ వీధిలో వాళ్ళను అడిగి ఉంటే, మా అమ్మ కుట్టుపని నేర్పే గది అడిగేది. మా తాత పేపర్లు చదువుకునే గది అడిగేవాడు. గోడలు మాకు తిరిగొచ్చాయి. లోపలికి వెళ్ళడానికి పనే లేదు." బాబాయి దాంతో పూర్తిగా ఏకీభవించలేదు. ముందు కట్టడం నిలబడనీ, పని తరవాత దొరుకుతుందన్నాడు. నేను అమ్మాయి వైపే మొగ్గాను. ఒక గదికి రోజూ తెరిచే మనిషి లేకపోతే, సముద్రపు ఉప్పుగాలికి ఎంత మంచి మరమ్మతయినా ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఆ రాత్రి వసారాలో చుట్టుపక్కల వాళ్ళు నలుగురైదుగురు చేరారు. రోడ్డు విస్తరణ మాట ఈ పేటల్లో ఏళ్ళ తరబడి నలుగుతున్నదే కాబట్టి ఎవరికీ కొత్త కాదు. చర్చ అంతా టీడీఆర్ బాండ్ల చుట్టూ తిరిగింది. విస్తరణలో స్థలం పోయిన యజమానికి డబ్బుకు బదులు ఆ బాండు ఇస్తారు. దానితో మరోచోట అనుమతికి మించి అదనంగా కట్టుకోవచ్చు, లేదా ఆ హక్కును బిల్డరుకు అమ్ముకోవచ్చు. నూరు గజాలు పోయి ఇంకో మూడు వందలు మిగిలేవాడికి ఇది లాభసాటే. మొత్తం స్థలమే అరవై గజాలయితే, అందులో నలభై పోతే, మిగిలిన ఇరవై గజాల్లో ఏం కడతాడు? బాండు అమ్ముకోవడానికి ఎవరి చుట్టూ తిరుగుతాడు? ఎదురింటి మేస్టారు, రిటైరయిన లెక్కల టీచరు, కాగితం మీద గీసి ఈ సంగతి అందరికీ చూపించారు. అంతవరకూ గోడకు ఆనుకుని మాట్లాడకుండా కూర్చున్న ముందు గది అద్దెమనిషి, ఫిషింగ్ హార్బర్లో ఐసు మోసే కళాసీ, ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "మేస్టారూ, అద్దెకున్నోడికి ఏ బాండిస్తారండి?" మేస్టారు కాగితం వైపు చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు.

నాకు ఆ ప్రశ్నే మిగిలిపోయింది. ఈ రెండు రోజుల్లో నేను మాట్లాడినవాళ్ళలో పాత పట్నాన్ని ఇలాగే వదిలేయమన్నవారు ఒక్కరూ లేరు. కాలువలు మూయాలని, ధూళి ఆగాలని, మంచినీళ్ళు వేళకు రావాలని, కరెంటు తీగలు సర్దాలని అందరూ అన్నారు. వీటిలో దేనికీ ఒక్క ఇల్లు కూడా పడగొట్టనక్కరలేదు. అయినా బాగు అనే మాట వచ్చిన ప్రతిసారీ కొలత టేపు ముందు వస్తుంది, కాలువ చివరికి పోతుంది. ఈ వరస తారుమారు చేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. సొంత ఇల్లు లేనివాణ్ణి కూడా ఆ పేట మనిషిగానే లెక్కపెట్టి, అతనికి చోటు ఎక్కడో ముందుగా రాసి ఇచ్చాకనే ఎవరి గోడ మీదనైనా గీత గీయాలి.

శుక్రవారం ఉదయం రైలుకు బయలుదేరుతుంటే తాపీమేస్త్రీ వచ్చాడు. వసారా నేలను రెండడుగులు ఎత్తించి, గడప పైకి జరిపించుకోవాలని బాబాయి నిశ్చయం. నేల ఎత్తితే తలుపు పొట్టిదవుతుందని, ద్వారబంధం కూడా మార్చాలని మేస్త్రీ అంటున్నాడు. హుద్‌హుద్ తుఫానులో పెంకులన్నీ ఎగిరిపోయినా చలించని ద్వారబంధం అది, బర్మా టేకు. ఎన్నాళ్ళుంటుందో తెలీని ఇంటికి ఇంత ఖర్చు ఎందుకని పిన్ని అడిగింది. బాబాయి ఆ మాట వినిపించుకోకుండా కొలత టేపు ఒక కొస నా చేతికిచ్చి, "గడప మీద పెట్టి గట్టిగా పట్టుకో నాన్నా," అని రెండో కొస పట్టుకుని రోడ్డు మీదికి ఎక్కాడు.