చిటికెనవేలి దాకా

ఏడో తరగతిలో మా తెలుగు మేస్టారు పాఠానికి ముందు చేతులు చాపమనేవారు. గోళ్లు చూస్తారేమోనని కొత్తగా చేరినవాళ్లు జడిసేవారు. సంగతి వేరు. బొటనవేలు ఎవరు, చూపుడువేలు ఏమిటి, మధ్యవేలు ఎక్కడ, ఉంగరంవేలు ఎప్పుడు, చిటికెనవేలు ఎందుకు. ‘కింది పేరాను చదివి జవాబులు రాయండి’ అని పరీక్షలో కనబడగానే ఎడంచెయ్యి బల్ల మీద పరుచుకుని, జవాబు దొరికిన వేలు దొరికినట్టు ముడిచెయ్యాలి.

మనకేమో ఇళ్లలో ‘ఏమిటి’ లేదు, ‘ఏటి’ తప్ప. ఓరోజు బోర్డు మీద ‘ఏటి ఒడ్డున మేకలు మేస్తున్నాయి’ అని రాసి, “చూపుడువేలు చెప్పరా” అన్నారు. ‘ఏటి’ కనబడింది కదాని దాని పక్క మాట చదివేశాను: “ఒడ్డు మేస్టారూ!” ఆయన కళ్లు తుడుచుకుంటూ, “నాగావళి ఒడ్డున పుట్టి ఏటికీ ఏమిటికీ తేడా తెల్దేట్రా!” అన్నారు.

నాలుగు వేళ్ల జవాబులూ పేరాలోనే పడుంటాయి, ఏరుకోడమే. చిటికెనవేలే మొండిది. ఓసారి టెక్కలి దగ్గరి తేలినీలాపురం గురించి రాశారు. ఊళ్లో చాలామంది సేద్యగాళ్లు; ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి; కింద రెట్టల కంపు; అయినా ఎవరూ రాయి విసరరు. ఎందుకు? ‘రాయి దొరక్క’ అని రాసి సున్నా తెచ్చుకున్నాను.

“బొటనవేలితో చిటికెనవేలిని ముట్టుకోండి. అరచెయ్యంతా దాటాలి కదా? ఆ ‘ఎవరు’ ఎవరో చూసి రండి, ఎందుకో తెలుస్తాది” అన్నారు. మళ్లీ మొదటికెళ్లాం. సేద్యగాళ్లు. వెనక బెంచీలోంచి ఆ వైపు కుర్రాడే లేచాడు: “పిట్టలొచ్చిన ఏడు బాగా పండుతాదని మా తాత అంటాడు మేస్టారూ.” పేరాలో ఆ ముక్క ఎక్కడా లేదు.

తర్వాత హైస్కూల్లో ఛందస్సు గణాలు గుర్తుండే సూత్రం, యమాతారాజభానసలగం, నేర్చుకున్నాం. మొదటి ఎనిమిది అక్షరాల్లో దేన్ని పట్టుకుని దాని తర్వాతి రెండూ కలుపుకున్నా ఆ గణం గురులఘువులు వచ్చేస్తాయి. నిద్రలో లేపినా అప్పజెబుతాను. నిజం చెప్పాలంటే దాంతో గణాలు తెలిశాయిగాని ఒక్క పద్యమూ అర్థం కాలేదు. మేస్టారి వేళ్లే నయం.

ఇప్పుడు బ్యాంకులో అప్పు దరఖాస్తులు చదవడం నా పని. ఎవరు, ఎంత, ఎప్పుడు, అన్నీ కాయితంలోనే ఉంటాయి. ఎందుకన్న గడి దగ్గరకొచ్చేసరికి నా బొటనవేలు దానంతటదే కదుల్తుంది. పక్క సీటాయన చూసి చూసి ఓనాడు అడిగేశారు, “జపమాండీ?” అని.

అవునండీ అన్నాను.