గట్టు కింద సొరుగులు: ఏది ఎంత లోతు ఉండాలి?

మాడ్యులర్ కిచెన్ చేయించుకునేవాళ్ళు లామినేట్ రంగు గురించి, మెరుపు ఉండాలా వద్దా అన్న దాని గురించి వారాల తరబడి ఆలోచిస్తారు. గట్టు కింద సొరుగులు ఎన్ని, ఏది ఎంత లోతు అన్న దగ్గరికొచ్చేసరికి షాపువాళ్ళు గీసిచ్చిన బొమ్మకే సరే అనేస్తారు. ఇది నాకు అస్సలు నచ్చదు. రంగు కాస్త అటూఇటూ అయినా వంట ఆగదు, కానీ కుక్కర్ పట్టని సొరుగు పెట్టించుకుంటే ఆ కుక్కర్ ఏళ్ళ తరబడి గట్టు మీదే ఉండిపోతుంది, గట్టు మీద కూరగాయలు తరుక్కునే చోటు పోతుంది.

ఈమధ్య కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌లో వంటిల్లు మొత్తం తిరగదోడి చేయించాం. వంట ఎక్కువగా చేసేది మా అత్తయ్య, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. షట్టర్ తలుపు తీసి, వంగి, ముందున్న గిన్నెలు పక్కకి జరిపి, లోపల మూలనున్న మూకుడు లాగడం ఆవిడకి ఎంత కష్టమో రోజూ చూస్తున్నాను కాబట్టి గట్టు కింద వీలైనంత వరకు సొరుగులే ఉండాలని ముందే అనుకున్నాను. సొరుగైతే ముందుకు లాగి, నిలబడే, పైనుంచి చూసి తీసుకోవచ్చు. వెనక వరసలో ఏముందో కూడా కనిపిస్తుంది.

షాపులో మామూలుగా చూపించేది మూడు స్టీలు బాస్కెట్ల సెట్టు: పైన స్పూన్లకి, మధ్యలో కప్పులూ సాసర్లకి, కింద ప్లేట్లకి. అత్తయ్య ఆ మధ్య బాస్కెట్‌లోని వంపు కమ్మీలు చూసి "కప్పులూ సాసర్లూ మనింట్లో ఎవరు వాడతారమ్మా, మనం టీ తాగేది స్టీలు గ్లాసుల్లోనే కదా" అన్నారు. షాపులో చూపిస్తున్న పిల్లాడేమో "ఆంటీ, అందరూ ఇదే పెట్టించుకుంటున్నారు" అన్నాడు. నిజమే, అందరూ అదే పెట్టించుకుంటున్నారు, తర్వాత ఆ సాసర్ల కమ్మీల మధ్య గిన్నెలు ఏటవాలుగా కుక్కుకుంటున్నారు, మా బంధువుల ఇళ్ళల్లో రెండు మూడు చోట్ల చూశాను. మన వంటింట్లో సామాను వేరు. కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, మూకుళ్ళు, అట్ల పెనం, మిక్సీ జార్లు, ఒకదాంట్లో ఒకటి పెట్టే గిన్నెల వరసలు, పప్పుల డబ్బాలు, ఇవన్నీ లోతు అడిగేవే. పల్చటి సొరుగులో పెట్టేవి మనకి చాలా తక్కువ.

అందుకని డిజైన్ కాగితం ముట్టుకోకముందే సామానంతా హాల్లో పరిచి టేపుతో ఎత్తులు కొలిచాం, మూతలతో సహా. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా ఈ పని మాత్రం చేయండి. మా పోపుల డబ్బా మూతతో మూడు అంగుళాలు. ఐదు లీటర్ల కుక్కర్ మూత పెట్టాక తొమ్మిది అంగుళాలకి కాస్త తక్కువ. ఇడ్లీ పాత్ర పదిన్నర. పప్పుల డబ్బాలు ఏడు నుంచి తొమ్మిది మధ్యలో. బియ్యం డబ్బా పదమూడు. ఈ అంకెలు చేతిలో ఉంటే షాపులో మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇక లెక్క. ఫ్యాక్టరీలో తయారయ్యే, గట్టు కింద సొరుగులు అమర్చే బాక్సులు చాలావరకు 720 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి, దాని కింద నాలుగంగుళాల కాళ్ళు, పైన రాయి, మొత్తం కలిపి గట్టు 34 అంగుళాల దగ్గరికి వస్తుంది. ఆ 720ని ఐదు భాగాలు చేస్తే ఒక్కో భాగం 144. పైన ఒక భాగం, దాని కింద రెండు, ఆ కింద రెండు, అంటే 144, 288, 288. ఎక్కువమంది ఇళ్ళకి నేను చెప్పే విభజన ఇదే. పైది పోపుల డబ్బాకి, గరిటెలకి. మధ్యది గిన్నెలకి, జార్లకి. కిందది కుక్కర్లకి, మూకుళ్ళకి. నాలుగు సమాన సొరుగులు అని కొందరు చూపిస్తారు, ఒక్కోటి 180. బొమ్మలో చాలా అందంగా ఉంటుంది, కానీ 180లో కుక్కర్ పట్టదు, పోపుల డబ్బా పెడితే దాని మీద సగం జాగా ఖాళీగా పోతుంది. అది మాత్రం వద్దు.

ఇక్కడ అందరూ గమనించాల్సిన సంగతి ఒకటుంది. 288 అనేది బయటి పలక ఎత్తు. లోపల అడుగు పలక, ఛానల్ (సొరుగు జారే పట్టా), పై సొరుగు తగలకుండా వదిలే సందు అన్నీ పోను మనకి దక్కేది ఇంచుమించు రెండంగుళాలు తక్కువ. అంటే పదకొండు అంగుళాలకి పైగా కనబడే సొరుగులో తొమ్మిదిన్నర అంగుళాల లోపు పాత్రే నిలబడుతుంది. మా కుక్కర్ పట్టింది, ఇడ్లీ పాత్ర పట్టలేదు. అందుకని స్టవ్‌కి ఎడమ పక్కన ఉన్న బాక్సుని రెండే సొరుగులు చేయించాం, పైన 288, కింద 432. ఆ కింది దాంట్లో ఇడ్లీ పాత్ర, పండగలకి తీసే పెద్ద గిన్నె, బియ్యం డబ్బా హాయిగా నిలబడ్డాయి. అన్ని బాక్సులూ ఒకే రకంగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. పలకల గీతలు ఒకే వరసలో రావాలని డిజైనర్లు పట్టుబడతారు, 288, 432 రెండూ ఆ 144 కొలతలోంచి వచ్చినవే కాబట్టి 288 దగ్గరొచ్చే గీత పక్క బాక్సులో 144 తర్వాత, 432 తర్వాత వచ్చే గీతల మధ్యలో పడుతుంది, చూడ్డానికి నాకైతే ఏ ఇబ్బందీ అనిపించలేదు.

బియ్యం మాట వచ్చింది కాబట్టి బరువు సంగతి. మన దగ్గర బస్తా అంటే ఇప్పుడు 26 కిలోలు, 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగుల మీద జీఎస్టీ వేసినప్పటి నుంచి 26 కిలోల బస్తాలు మార్కెట్ నిండా వచ్చాయి. ఆ బస్తా మొత్తం డబ్బాలో పోసి సొరుగులో పెడితే, డబ్బా, పక్కనున్న సామాను, సొరుగు సొంత బరువు కలిపి నలభై దాటుతుంది. మామూలు టెలిస్కోపిక్ ఛానళ్ళు జత 35 నుంచి 45 కిలోల వరకు మోస్తాయని రాస్తారు. ట్యాండమ్ బాక్సుల్లో (పక్క పలకలూ ఛానళ్ళూ కలిసి రెడీమేడ్‌గా వచ్చే సొరుగులు) 30 కిలోలవీ ఉంటాయి, 65 కిలోలవీ ఉంటాయి, బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. కొటేషన్‌లో "సాఫ్ట్ క్లోజ్ ట్యాండమ్" అని మాత్రమే రాసి ఉంటే ఎన్ని కిలోలదో అడిగి రాయించుకోండి. బరువు పడే కింది సొరుగుకి పెద్దది, పైవాటికి చిన్నది చాలు, అన్నింటికీ ఖరీదైనది పెట్టాల్సిన పని లేదు.

ఛానల్ పూర్తిగా బయటికి వచ్చేది తీసుకోండి. మూడొంతులే తెరుచుకునేవి చవగ్గా వస్తాయి, వెనకున్న పావు వంతు చీకట్లోనే ఉంటుంది, మళ్ళీ వంగి చెయ్యి దూర్చాలి. అదే తప్పించుకోవాలని కదా సొరుగు పెట్టించుకుంటున్నాం.

కార్పెంటర్‌తో ఇంట్లోనే చేయించుకుంటే అడుగు పలక ఎంత మందమో చూడండి. ఆరు మిల్లీమీటర్ల ప్లై వేస్తే వెడల్పు సొరుగులో స్టీలు గిన్నెల బరువుకి కొన్నాళ్ళకి మధ్యలో కుంగుతుంది, తొమ్మిదైనా ఉండాలి, మూడడుగుల వెడల్పుకి పన్నెండు నయం. సింక్ పక్కన బాక్సులకి ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడికి తట్టుకునే మెరైన్ ప్లై వాడమనండి.

స్టీలు కమ్మీల బాస్కెట్లా, చుట్టూ పలకలున్న బాక్సు సొరుగులా అంటే నా ఓటు బాక్సు సొరుగులకే. కమ్మీల మధ్యలోంచి చిన్న గిన్నెల మూతలు జారి కింద పడతాయి, నూనె జిడ్డు ఒక్కో కమ్మీకి పట్టుకుంటే తోమలేం. ఒక్క ఉల్లిపాయలు, బంగాళాదుంపలకి మాత్రం గాలి ఆడాలి కాబట్టి కమ్మీలదే మంచిది. అది కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు చూడండి, 304 స్టీలు" అంటారు. 202 రకానికి కూడా అయస్కాంతం మామూలుగా అంటుకోదు, కానీ అందులో నికెల్ తక్కువ, తడి తగిలేచోట త్వరగా తుప్పు పడుతుంది. బిల్లు మీద 304 అని రాసివ్వమంటే అసలు సంగతి తెలుస్తుంది.

పై సొరుగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, రోజంతా చెయ్యి పడేది దాని మీదే. రెడీమేడ్‌గా వచ్చే ప్లాస్టిక్ ట్రేలో గదులు తొమ్మిది పది అంగుళాల పొడవే ఉంటాయి, భోజనం బల్ల మీద పెట్టే స్పూన్లకీ ఫోర్కులకీ సరిపోతాయి. మన గరిటె పద్నాలుగు అంగుళాలు ఉంటుంది. అట్లకాడ, చిల్లుల గరిటె, పప్పుగుత్తి అన్నీ పొడుగే. వాటిని ఆ ట్రేలో అడ్డంగా పడేస్తే సొరుగు తీసిన ప్రతిసారీ ఒకటి పైకి లేచి పలకకి తట్టుకుంటుంది, సొరుగు ఇరుక్కుపోతుంది. మేం ట్రే తీసుకోలేదు. ముందు నుంచి వెనక దాకా వెళ్ళే మూడు నిలువు చెక్క అడ్డాలు వేయించి నాలుగు పొడుగాటి గదులు చేయించాం. ఒకదాంట్లో గరిటెలు, ఒకదాంట్లో అట్లకాడ, పట్టకారు, కత్తులు, వెడల్పు గదిలో పోపుల డబ్బా, దాని వెనక ఇంగువ, పసుపు చిన్న సీసాలు. నాలుగో సన్నటి గదిలో స్పూన్లు. పప్పుగుత్తి తల లావు రెండున్నర అంగుళాలు, సొరుగు లోపలి ఎత్తు మూడున్నర, సరిగ్గా సరిపోయింది. అత్తయ్య పోపు వేసేటప్పుడు ఆ సొరుగు తెరిచే ఉంచుకుంటారు, మూత తీసిన పోపుల డబ్బా అందులోనే ఉంటుంది, నూనె కాగుతుంటే ఆవాలూ జీలకర్రా అలా చేత్తో తీసి వేసేస్తారు. ఆ సొరుగు స్టవ్‌కి కుడి పక్కనే ఉండాలని ఆవిడ గట్టిగా చెప్పారు, అలాగే చేయించాం. సొరుగు ఎక్కడ ఉండాలో వండేవాళ్ళని అడగాలి.

అన్నిచోట్లా సొరుగులే పెట్టాలనీ కాదు. సింక్ కింద పైపులు అడ్డొస్తాయి, అక్కడ షట్టరే మంచిది. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ లోపల పెట్టుకునేవాళ్ళు ఆ చోటంతా వదిలేయాలి, గాలి ఆడేలా కిందా పైనా రంధ్రాలు ఉండాలి. గట్టులో దిగబడే స్టవ్, అంటే హాబ్ అయితే దాని కడుపు కిందికి వస్తుంది కాబట్టి ఆ చోట పై సొరుగు లోతు పోతుంది, హాబ్ మోడల్ ముందు కొనుక్కుని ఆ తర్వాత సొరుగులు గీయించండి. ఆవకాయ జాడీలు సొరుగులో వద్దు. లాగినప్పుడల్లా కదులుతాయి, నూనె ఊరుతుంది, ఉప్పు ఛానల్‌కి తగిలితే తుప్పే. టేబుల్ టాప్ గ్రైండర్ కూడా సొరుగులో పెట్టకండి, ఎత్తి గట్టు మీద పెట్టడానికి నడుం పట్టేస్తుంది, దానికి గట్టు మీదే ఒక మూల కేటాయించండి.

బిల్డర్ ఇచ్చిన గట్టుని అలాగే ఉంచుకునేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. చాలా ఫ్లాట్లలో గ్రానైట్ కింద కడప రాళ్ళు నిలువుగా నిలబెట్టి అరలు కట్టి ఇస్తారు. ఆ రాళ్ళ మధ్య ఎంత వెడల్పుంటే అంతే, మనం మార్చలేం. పైగా రెండు పక్కలా బాక్సు చెక్క 18, ఛానల్ 13 చొప్పున పోతుంది, మొత్తం రెండున్నర అంగుళాలు. 24 అంగుళాల సందులో 21 పైచిలుకు సొరుగే వస్తుంది. రాళ్ళు నిటారుగా ఉండవు కూడా, ముందు కొలిస్తే 24, వెనక కొలిస్తే 23న్నర. కార్పెంటర్ ముందు వైపు మాత్రమే టేపు పట్టి వెళ్ళిపోతుంటే ఆపి, పైనా కిందా వెనకా కూడా కొలిపించండి. మధ్యలో అడ్డంగా ఉన్న రాతి అరని కోయించకుండా లోతు సొరుగు రాదు. ఆ దుమ్ము ఇంట్లోకి దిగకముందే తేల్చుకోవాల్సిన విషయం అది.

ఎల్ ఆకారం వంటిల్లైతే మూల దగ్గర జాగ్రత్త. రెండు వైపులా సొరుగులు మూల దాకా వస్తే ఒకటి లాగినప్పుడు రెండోదాని హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. మూల నుంచి రెండు వైపులా హ్యాండిల్ కంటే కాస్త ఎక్కువ, కనీసం రెండంగుళాల పట్టీ వదలమనండి. ఎదురెదురు గట్లున్న వంటింట్లో మధ్య సందు కూడా చూసుకోవాలి, మూడడుగుల సందులో ఇరవై అంగుళాల సొరుగు లాగితే మిగిలేది పదహారు, ఇంకొకరు దాటి వెళ్ళడం కష్టం. డిష్‌వాషర్ తలుపు తెరిస్తే పక్క సొరుగు తెరుచుకుంటుందా అని కూడా కాగితం మీదే చూసుకోండి.

హ్యాండిల్ లేకుండా, వేలు పెట్టి లాగే గాడి ఉన్న రకం ఇప్పుడు బాగా నడుస్తోంది. పిండి చేత్తో, నూనె చేత్తో ఆ గాడిలో వేలు పెట్టి లాగుతాం, గాడిలో జిడ్డు చేరుతుంది, పైగా ఆ గాడి కోసం సొరుగుల ఎత్తు కొంత తగ్గిస్తారు. మేం మామూలు స్టీలు హ్యాండిళ్ళే పెట్టించాం.

ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్కో సొరుగుకి లోపలి ఎత్తు, లోపలి వెడల్పు, ఛానల్ ఎన్ని కిలోలది, అడుగు పలక మందం ఎంత అన్నవి నాలుగూ కొటేషన్ మీద రాయించుకోండి. బయటి కొలతలు మాత్రమే రాసిస్తే సంతకం పెట్టకండి. మీ వంటింటి కొలతలు, మీ ఇంట్లో అన్నిటికంటే ఎత్తు పాత్ర ఎంతో కింద రాస్తే 144 లెక్కలో ఎలా వస్తుందో చూసి చెబుతాను.