టోబర్‌మోరీ శిథిల నౌకల మధ్య డైవింగ్: ఈ సీజను సాధన

డ్రైసూటు (నీరు లోపలికి రాని డైవింగ్ దుస్తులు) తొడుక్కుని, నేలను గానీ చెక్కను గానీ తాకకుండా, మునిగిన నౌక పక్కన ఒకే లోతులో నిలకడగా ఉండగలగాలన్నది ఈ సీజనుకు నేను పెట్టుకున్న లక్ష్యం. సాధనకు ఎంచుకున్న చోటు కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో, హ్యూరన్ సరస్సు జార్జియన్ బేతో కలిసేచోట ఉన్న టోబర్‌మోరీ. 1987లో ఏర్పడిన ఫాదమ్ ఫైవ్ జాతీయ మెరైన్ పార్కు పరిధిలో ఇరవైకి పైగా నౌకల శిథిలాలు ఉన్నాయి. డైవింగ్ చేసేవారు ముందుగా పార్కు వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. శిథిలాల నుంచి ఒక్క మేకును కూడా పైకి తేకూడదు.

రుషికొండ దగ్గర సముద్రంలో డైవింగ్ నేర్చుకున్న నాలాంటివారికి ఇక్కడ మొదట మారేది బరువుల లెక్క. ఉప్పునీటి సాంద్రత మంచినీటికంటే సుమారు 2.5 శాతం ఎక్కువ కనుక, మనిషి, పరికరాలు కలిపి 100 కిలోలుంటే, అదే సరంజామాతో సరస్సులో దిగేటప్పుడు మునగడానికి నడుముకు కట్టుకునే సీసం దాదాపు 2.5 కిలోలు తగ్గించాలి. కానీ ఒంటిని తడవనిచ్చే పలుచని వెట్‌సూటు ఇక్కడి చలికి ఆగదు. డ్రైసూటు లోపలి దుస్తుల్లో నిలిచే గాలి ఆ తగ్గింపునంతా మింగేసి, ఇంకా సీసం అడుగుతుంది. అందువల్ల బరువుల పట్టికలను పక్కనపెట్టి, డైవ్ చివర సిలిండర్‌లో 50 బార్ పీడనం మిగిలినప్పుడు, 5 మీటర్ల లోతులో బీసీడీని (గాలి నింపి తేలడాన్ని సర్దుకునే జాకెట్టును) ఖాళీ చేసి, నిలవగలుగుతున్నానో లేదో చూసుకుంటూ, తర్వాతి డైవ్‌కు కిలో చొప్పున తీస్తూ వచ్చాను. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలిపోతుంది కాబట్టి, ఉక్కు సిలిండర్‌కు మారాక బెల్టు బరువు మరింత తగ్గింది.

సాధనకు స్వీప్‌స్టేక్స్ అనుకూలమైనది. 1867లో కట్టిన ఈ రెండు స్తంభాల తెరచాప నౌక 1885లో కోవ్ ఐలాండ్ దగ్గర దెబ్బతిని, బిగ్ టబ్ రేవులోకి లాక్కువచ్చాక మునిగింది. లోతు 6 మీటర్లే కనుక గాలి చాలాసేపు వస్తుంది. అయితే పైకి దగ్గరయ్యేకొద్దీ పీడనం త్వరగా మారుతుంది కాబట్టి, నిలకడ విషయంలో ఈ తక్కువ లోతే కఠినమైన పరీక్ష. ఫిన్స్‌ను (కాళ్లకు తొడిగే ఈత రెక్కలను) కిందికి కొడితే ఒండ్రు లేస్తుంది. కప్ప ఈతలా కాళ్లను పక్కలకు తెరిచి నెట్టడం అలవాటు చేసుకోవాలి. పర్యాటక పడవలు కూడా ఆ ఇరుకు రేవులోకే వస్తాయి కనుక డైవర్ల వేళలు ముందే కనుక్కోవాలి. నౌక పొట్టలోకి ప్రవేశం లేదు; మనం వదిలే బుడగలు డెక్కు కింద చేరి పాత చెక్కను పైకి నెడతాయి కాబట్టి అది నాకు సబబుగానే తోచింది. సముద్రంలో చెక్కను తొలిచే ఓడపురుగు మంచినీటిలో బతకదు, చలి కుళ్లును ఆలస్యం చేస్తుంది. కాబట్టే ఈ నౌకలు మిగిలాయి. మిషిగన్ సరస్సులోని గ్రీన్ బే నుంచి 1969లో పైకి తీసిన ఆల్విన్ క్లార్క్ అనే నౌక మాత్రం ఒడ్డున శిథిలమై, 1994లో ధ్వంసమైంది.

సీజను చివర, 1999లో డైవర్ల కోసమే ముంచిన నయాగరా 2 దగ్గర దిగాము. అడుగు సుమారు 30 మీటర్లు. అక్కడ పీడనం 4 బార్ కనుక, పైన నిమిషానికి 18 లీటర్లు వాడే నాకు కింద 72 లీటర్లు కావాలి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉంటే మొత్తం 2400 లీటర్లు. అందులో మూడో వంతుకే తిరుగుముఖం పట్టాలంటే 11 నిమిషాలే దక్కుతాయి. థర్మోక్లైన్ (నీటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పొర) దాటాక వేసవిలో కూడా నీరు ఎముకలు కొరుకుతుంది. గాలి వ్యాకోచిస్తూ రెగ్యులేటర్‌ను (సిలిండర్ గాలిని పీల్చుకునే పీడనానికి తగ్గించే పరికరాన్ని) ఇంకా చల్లబరుస్తుంది. అది గడ్డకట్టి గాలి ఆగకుండా వచ్చేస్తే పైకి రావడమే మార్గం. అందుకే చలినీటి రెగ్యులేటర్ వాడాను. గాలి ఎక్కువగా లాగకుండా, సూటును, బీసీడీని ఒకేసారి నింపలేదు.

1884లో మునిగిన అరేబియా అనే నౌక ఇంకా లోతున ఉంది. అక్కడ డైవర్లు ప్రాణాలు కోల్పోయారు కూడా. ఒక్క సిలిండర్‌తో అక్కడికి వెళ్లే ఉద్దేశం నాకు లేదు. వచ్చే వేసవిలో జంట సిలిండర్లు తగిలించుకుని, బరువుల లెక్కను మళ్లీ స్వీప్‌స్టేక్స్ దగ్గర 6 మీటర్లలోనే సరిచూసుకోవలసి ఉంది.