పాత రెగే, కొత్త సీడీ

1970లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ స్టూడియోల్లో రూపుదిద్దుకున్న రెగే పాటలను సీడీపై వినేటప్పుడు నేను ముందుగా గమనించేది బేస్ గిటార్‌నే. అది గుండెకు తగిలేంత నిండుగా లేకపోతే తక్కిన హంగులన్నీ వృథా. రెగే నిర్మాత లీ పెర్రీ తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో నాలుగు ట్రాకుల టేప్ యంత్రంతోనే పనిచేసేవాడు. చోటు చాలనప్పుడు నిండిన ట్రాకులను కలిపి ఒకే ట్రాకులోకి మళ్లీ రికార్డు చేసేవాడు కాబట్టి, అలా చేసిన ప్రతిసారీ టేపు రొద కొంత పేరుకునేది. ఆ రొద ఆ సంగీతంలో భాగమే. దాన్ని కంప్యూటర్‌తో పూర్తిగా తుడిచేయబోతే హై-హ్యాట్ (డ్రమ్ముల జంట తాళాలు) మెరుపు, సన్నగిల్లుతూ పోయే ప్రతిధ్వని కూడా దానితోపాటే మాయమవుతాయి.

మాస్టర్ టేపులు, అంటే అసలు రికార్డింగు టేపులు, దొరకక వినైల్ రికార్డు నుంచే సీడీ తయారుచేయడం రెగేలో తరచుగా జరిగేదే. శుభ్రమైన ప్రతిని ఎంచుకొని ఓపికగా చేస్తే నాకు అభ్యంతరం లేదు. నన్ను నిజంగా బాధపెట్టేది, శబ్దస్థాయిని అమాంతం పెంచి, డ్రమ్ము దెబ్బకూ దాని వెనుక నిశ్శబ్దానికీ మధ్యనున్న అంతరాన్ని చదును చేయడం. 16 బిట్ల సీడీలో అతి మెల్లని, అతి బిగ్గర శబ్దాల మధ్య దాదాపు 96 డెసిబెళ్ల పరిధి ఉండగా ఆ పని ఎందుకు?

కాంగోస్ బృందం 1977 నాటి ‘హార్ట్ ఆఫ్ ది కాంగోస్’ ఆల్బమ్‌ను బ్లడ్ అండ్ ఫైర్ సంస్థ 1996లో పునర్విడుదల చేసిన సీడీయే నాకు కొలమానం. సెడ్రిక్ మైటన్ పలుచని పైస్థాయి గొంతు, రాయ్ జాన్సన్ నిండైన గొంతు అందులో విడివిడిగా, ఊపిరితో సహా వినిపిస్తాయి.