సున్నాగా కనిపించిన కాన్‌స్ట్ వేరియబుల్: నా అనుభవం

లైనక్స్ కోసం సీ ప్లస్ ప్లస్‌లో నేను రాసుకుంటున్న మెమరీ కేటాయింపు ప్రోగ్రామ్ ఒకటి, నేను రాసిన కోడ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లోకి అడుగుపెట్టకముందే ‘ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్’ అనే సందేశంతో ఆగిపోయింది. అందులో దశాంశ సంఖ్య ఒక్కటి కూడా లేదు. అయితే ఎక్స్86 ప్రాసెసర్‌పై పూర్ణాంకాన్ని సున్నాతో భాగించినా లైనక్స్ ఈ సందేశమే ఇస్తుంది కనుక, భాగహారం ఎక్కడుందో వెతికాను. ఉన్నది ఒక్కచోటే: మొత్తం మెమరీని పేజీ (ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీని పంచే ముక్క) పరిమాణంతో భాగించి, ఎన్ని గదులు వస్తాయో లెక్కకట్టే వరుస. ఆ పేజీ పరిమాణం వేరే ఫైలులో నిర్వచించిన గ్లోబల్ (ఏ ఫంక్షన్‌కూ లోపల లేని) కాన్‌స్ట్ (ఒకసారి విలువ పెట్టాక మార్చకూడని) వేరియబుల్. దాని విలువను సిస్‌కాన్ఫ్ ఫంక్షన్ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి నింపుతున్నాను. భాగహారాన్ని తాత్కాలికంగా తీసేసి మెయిన్‌లో ముద్రిస్తే 4096 అని సరిగ్గానే వచ్చింది.

ఎవరూ మార్చలేని విలువ అన్న నమ్మకంతో నేను చాలాసేపు సిస్‌కాన్ఫ్‌నే అనుమానించాను. చివరికి జీడీబీ అనే దోషాన్వేషణ సాధనంలో ఆ వేరియబుల్‌పై, విలువ మారగానే ప్రోగ్రామ్‌ను ఆపే వాచ్‌పాయింట్ పెట్టినప్పుడు పాత విలువ 0, కొత్త విలువ 4096 అని కనిపించింది. కాన్‌స్ట్ అని రాసిన వేరియబుల్ నా కళ్లముందే మారింది! మార్చింది నేను రాసిన కోడ్ కాదు, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే జీసీసీ అనే కంపైలర్ తనంతట తాను తయారుచేసిన ఒక ప్రారంభ ఫంక్షన్.

అక్కడినుంచి ఎన్ఎం అనే సాధనంతో ఆబ్జెక్ట్ ఫైలును (కంపైలర్ తయారుచేసిన యంత్రభాష ఫైలును) పరిశీలించాను. అదే ఫైలులో నేరుగా 64 అని విలువ ఇచ్చిన మరో కాన్‌స్ట్ వేరియబుల్ పక్కన ‘ఆర్’ అనే అక్షరం ఉంది. అంటే అది రోడేటా అనే, చదవడానికి మాత్రమే వీలున్న విభాగంలో ఉంది. పేజీ పరిమాణం పక్కన మాత్రం ‘బి’ ఉంది. బీఎస్ఎస్ అనే ఆ విభాగం రాయడానికి వీలున్నది, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు సున్నాలతో నిండి ఉండేది. ఆలోచిస్తే కంపైలర్‌కు మరో దారి లేదు. విలువ కంపైల్ సమయంలో తెలిస్తే దాన్ని ఫైలులోనే ముద్రించి పెట్టగలదు. తెలియకపోతే ముందు సున్నా ఉంచి, తర్వాత అసలు విలువను రాసే కోడ్‌ను పుట్టించి, ఆ కోడ్ చిరునామాను ఇనిట్ అరే అనే పట్టికలో చేర్చాలి. మెయిన్‌కు ముందు ఆ పట్టికలోని ఫంక్షన్లన్నీ వరుసగా నడుస్తాయి. సీ భాష ఈ సౌకర్యమే ఇవ్వదు: గ్లోబల్ వేరియబుల్ ప్రారంభ విలువ స్థిరం కాకపోతే కంపైల్ దశలోనే దోషం చూపిస్తుంది. ఆ కఠినత్వం ఎంత విలువైనదో నాకు ఆ రోజు తెలిసింది.

ఒకే ఫైలులోని గ్లోబల్ వేరియబుల్స్ నిర్వచించిన క్రమంలోనే నిండుతాయి. వేర్వేరు ఫైళ్ల మధ్య మాత్రం ఏది ముందో సీ ప్లస్ ప్లస్ ప్రమాణం (ఆ భాష అధికారిక నియమావళి) నిర్ణయించలేదు. గదుల సంఖ్య కూడా మరో ఫైలులోని గ్లోబల్ వేరియబులే కనుక, దాని ప్రారంభ ఫంక్షన్ ముందు నడిచి, ఇంకా నిండని పేజీ పరిమాణాన్ని చదివింది. ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపి ఒక ప్రోగ్రామ్‌గా చేసే లింకర్‌కు వాటిని ఇచ్చే వరుస తారుమారు చేయగానే దోషం మాయమైంది. దాన్నే పరిష్కారంగా ఉంచేయడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే రేపు ఎవరైనా ఇంకో ఫైలు చేర్చినప్పుడు అది మళ్లీ బయటపడవచ్చు.

విలువ నిండాక కూడా ఆ వేరియబుల్‌కు రక్షణ ఉండదా అన్న సందేహంతో చిన్న ప్రయోగం చేశాను. కాన్‌స్ట్ నిషేధాన్ని పక్కనపెట్టే కాన్‌స్ట్ కాస్ట్ ద్వారా రోడేటాలోని 64ను మార్చబోతే ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌ (అనుమతి లేని మెమరీని తాకిన దోషం)తో ఆగిపోయింది. బీఎస్ఎస్‌లోని 4096 మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా మారిపోయింది. ప్రమాణం దృష్టిలో రెండూ నిర్వచనం లేని ప్రవర్తనే, అంటే ఏం జరగాలో అది చెప్పదు. కాని ప్రాసెసర్ అడ్డుకున్నది మొదటిదాన్నే. రెండోదానికి ఉన్న కాపలా కంపైలర్ చేసే టైప్ తనిఖీ ఒక్కటే.

శాశ్వత పరిష్కారంగా పేజీ పరిమాణాన్ని ఒక ఫంక్షన్ లోపలి స్టాటిక్ కాన్‌స్ట్‌గా మార్చాను. అలాంటి వేరియబుల్ ఆ ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడే నిండుతుంది. 2011 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణం నుంచి, ఒకేసారి అనేక థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనులు) పిలిచినా ఒక్కసారే నిండుతుందన్న హామీ కూడా ఉంది. ఇందుకోసం కంపైలర్ పక్కనే ఒక కాపలా వేరియబుల్‌ను పెట్టి, ప్రతి పిలుపులోనూ దాన్ని తనిఖీ చేస్తుంది. ఆ చిన్న ఖర్చు నా ప్రోగ్రామ్‌కు భారం కాలేదు. లింక్ వరుసను రెండు రకాలుగానూ మార్చి చూస్తే రెండుసార్లూ 4096 వచ్చింది.

తర్వాత మిగిలిన గ్లోబల్ కాన్‌స్ట్ వేరియబుల్స్ అన్నింటికీ 2020 ప్రమాణంలో వచ్చిన కాన్‌స్ట్‌ఇనిట్ అనే పదాన్ని జోడించాను. ప్రారంభ విలువ కంపైల్ సమయంలో తేలకపోతే ఆ పదం ఉన్న వరుసను కంపైలర్ తిరస్కరిస్తుంది. నావాటిలో రెండింటిని తిరస్కరించింది: ఒకటి గదుల సంఖ్య, రెండోది దాని ఆధారంగా లెక్కించిన పట్టిక పరిమాణం. ఆ రెండింటినీ కూడా అదే పద్ధతిలో ఫంక్షన్లుగా మార్చాను.