అమెరికా టాక్ షోలో హోస్ట్‌ని కాదు, ఫోన్ చేసేవాణ్ణి వినాల

అమెరికాలో రిపబ్లికన్ పార్టీ వైపుండే కన్జర్వేటివ్ టాక్ షో ఏది పెట్టినా పావుగంటకో అరగంటకో బంగారం యాడ్ వస్తాది. డాలర్ విలువ పడిపోతా ఉంది, గవర్నమెంట్ అప్పులు ఆకాశానికి అంటినాయి, మీ రిటైర్మెంట్ డబ్బులు ఏమైతాయో చూసుకోండి, ఈ నంబర్‌కి ఫోన్ కొట్టండి, ఇదీ వరస. చదివేది కూడా హోస్టే, నిమిషం కిందటి దాకా డెమోక్రాట్లను దులిపేసిన అదే గొంతుతో చదువుతాడు, తిట్టు ఎక్కడ ఆగిందో యాడ్ ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. మాది ప్రొద్దుటూరు. మా ఊర్లో బంగారం అమ్మేదానికి ఎవర్నీ భయపెట్టాల్సిన పని లేదు, ఇంట్లో పెళ్లి కుదిరిందంటే చాలు, వాళ్ళే వస్తారు. అందుకే మొదట్లో ఆ యాడ్లు వింటే నవ్వొచ్చేది, తర్వాత తర్వాత అర్థమైంది, ఆ షోలకు ఆయువుపట్టు అదే అని. వినేవాడు దేనికి భయపడతాండాడో తెలిస్తేనే ఆ యాడ్ అమ్ముడుపోతాది, షో కూడా అమ్ముడుపోతాది.

నేను వినడం మొదలుపెట్టింది రాజకీయం కోసం కాదు లెండి. మెడికల్ బిల్లింగ్‌లో నైట్ షిఫ్ట్, అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసి క్లెయిమ్ ఏమైంది అని అడిగే పని, వాళ్ళ యాస చెవికి అలవాటు కావాల కదా. సినిమాల్లో మాట్లాడినట్టు ఫోన్లో ఎవరూ మాట్లాడరు. అక్కడ న్యూయార్క్ వైపు మధ్యాహ్నం 12 అంటే మనకు వాళ్ళ ఎండాకాలంలో రాత్రి 9:30, చలికాలంలో 10:30, సరిగ్గా అన్నం తిని సిస్టమ్ ముందర కూర్చునే టైమ్. ఆ మధ్యాహ్నం స్లాట్ వాళ్ళ రేడియోలో చానా పెద్ద స్లాట్, ఎందుకంటే రష్ లింబా అనే పెద్ద హోస్ట్ ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్న సీటు అది.

ఈయన గురించి కొంచెం చెప్పాల. 1949 నుంచి అమెరికాలో ఒక రూల్ ఉండేది, ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అని, రేడియోలోనో టీవీలోనో వివాదం ఉండే విషయం మాట్లాడితే రెండో పక్షం మాట కూడా వినిపించాల. దాన్ని 1987లో తీసేసినారు. తీసేయకుండా చట్టం చేద్దామని అక్కడి కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, బిల్లు పాస్ చేస్తే అప్పటి ప్రెసిడెంట్ రీగన్ వీటో కొట్టినాడు. మరుసటి సంవత్సరం 1988 ఆగస్టు 1న లింబా షో దేశమంతా మొదలైంది. రూల్ పోయింది కాబట్టే ఈయన వచ్చినాడు అని చానామంది తేల్చేస్తారు గానీ సగం కారణమే అది. మిగతా సగం ఏంటంటే అప్పటికే పాటలన్నీ ఎఫ్ఎంకి వెళ్ళిపోయినాయి, ఏఎం స్టేషన్లు, అంటే మన మీడియం వేవ్, ఖాళీగా పడున్నాయి, సౌండ్ అంత బాగుండని చోట పాట పెట్టలేవు గానీ మాట పెట్టొచ్చు. పైగా లింబా షోని స్టేషన్లకు దాదాపు ఊరికే ఇచ్చినారు, బదులుగా షో మధ్యలో కొన్ని నిమిషాల యాడ్ టైమ్ తీసుకున్నారు. చిన్న ఊరి స్టేషన్ ఓనర్‌కి ఇంకేం కావాల, మూడు గంటలు నిండిపోయింది, జీతం ఇచ్చే పని లేదు.

మన టీవీ చర్చల్లో నలుగురు కూర్చొని ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుచుకుంటారు. వాళ్ళది అట్లా కాదు, ఒక్కడే, మూడు గంటలు, ఎదురుగా ఎవరూ లేరు, పేపర్ కట్టింగ్ ఒకటి పట్టుకొని గలగలలాడించి మైక్‌లో వినిపించి దాని మీద నలభై నిమిషాలు మాట్లాడతాడు. లింబా మాటల్లో చానా నాకు నచ్చవు, ఆడోళ్ళ మీద ఆయన వాడిన భాష అయితే అసలు నచ్చదు, కానీ పనితనం ఉంది, ఒప్పుకోవాల. 1994 ఎన్నికల్లో రిపబ్లికన్లు 40 ఏళ్ల తర్వాత హౌస్, అంటే వాళ్ళ దిగువ సభ, గెలిస్తే కొత్త మెంబర్లు ఈయన్ని తమ బ్యాచ్‌లో గౌరవ సభ్యుడు అన్నారు. 2020 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని చెప్పుకున్న మరుసటి రోజే ట్రంప్ పార్లమెంటు నిండు సభలో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అనే పెద్ద పౌర పురస్కారం ఇప్పించినాడు. 2021 ఫిబ్రవరి 17న పోయినాడు.

ఇంక అసలు మాటకు వస్తా. ఇన్నాళ్ళు విన్న తర్వాత నాకు అనిపించేది ఏంటంటే ఈ షోలలో యజమాని హోస్ట్ కాదు. ఫోన్ చేసేవాడు. ఫోన్ ఊరికే కలవదు, ముందు ఒక మనిషి ఎత్తి పేరేంటి, ఏ ఊరు, ఏం చెప్తావు అని అడిగి హోస్ట్ ముందరుండే స్క్రీన్ మీద ఒక లైన్ టైప్ చేసి పెడతాడు, హోస్ట్ అందులోంచి ఏరుకుంటాడు. అయినా సరే, రోజూ ఒకే రకం ఫోన్లు గుట్టలుగా వస్తా ఉంటే ఎన్ని వడపోస్తావు? లారీ డ్రైవర్లు, ప్లంబర్లు, రిటైరైన మిలిటరీ వాళ్ళు, పిల్లల్ని స్కూలుకు పంపకుండా ఇంట్లోనే చదివించే తల్లులు. హోస్ట్ ట్యాక్సులు తగ్గించాల అని మొదలుపెడితే వీళ్ళు తిప్పి తిప్పి బార్డర్ దాటి వచ్చే వలసల దగ్గరికే తీసుకొస్తారు.

2007లో ఇదే జరిగింది. ప్రెసిడెంట్ బుష్ రిపబ్లికనే, ఆయనే కాగితాలు లేకుండా అమెరికాలో ఉండేవాళ్ళకు పౌరసత్వానికి దారి చూపిద్దామని ఒక ఇమ్మిగ్రేషన్ బిల్లుకి మద్దతిచ్చినాడు, పెద్ద కంపెనీలు కూడా సరే అన్నాయి. టాక్ రేడియో మాత్రం రోజూ సెనేట్, అంటే పై సభ, ఫోన్ నంబర్లు చెప్పడం, వినేవాళ్ళు చేయడం, చివరికి ఓటింగ్ రోజు అక్కడి ఫోన్ సిస్టమ్ తట్టుకోలేకపోయింది. జూన్ 28న 60 ఓట్లు కావాల్సిన చోట 46 వచ్చినాయి, బిల్లు పడిపోయింది. దానికి కొన్ని రోజుల ముందే ట్రెంట్ లాట్ అని రిపబ్లికన్ సెనేటరే, టాక్ రేడియో అమెరికాని నడిపిస్తా ఉంది, ఈ సమస్య సంగతి మనం చూడాల అని వాపోయినాడు. సొంత పార్టీ మనిషి! ట్రంప్ రావడానికి ఎనిమిదేళ్ల ముందరి మాట ఇది. ట్రంప్ వచ్చి వాళ్ళను మార్చినాడు అంటారు గానీ ఆ ఫోన్లు విన్నవాడికి అట్లా అనిపించదు, వాళ్ళు ఎప్పుడో రెడీగా ఉన్నారు.

కన్జర్వేటివ్ టీవీ ఛానల్ ఫాక్స్ న్యూస్ కేసు చూడండి. 2020 ఎన్నికల్లో డొమినియన్ కంపెనీ ఓటింగ్ మిషన్లు మోసం చేసినాయని ఛానల్లో వారాల తరబడి మాట్లాడించినారు, కంపెనీ కోర్టుకు పోయింది, 2023 ఏప్రిల్‌లో 78 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్నారు. ఆ డబ్బు కంటే నాకు బయటపడిన మెసేజ్‌లే పెద్ద విషయం. లోపల లోపల వాళ్ళకే నమ్మకం లేదు. సొంత ఛానల్ రిపోర్టర్ ఒకామె ట్రంప్ ట్వీట్ తప్పు అని చెప్పినందుకు అప్పటి ఫాక్స్ యాంకర్ టక్కర్ కార్ల్‌సన్ ఆమెని తీసేయించండి, షేర్ ధర పడిపోతా ఉంది అని మెసేజ్ పెట్టినాడు. చూసేవాళ్ళు పక్క ఛానల్‌కి పోతారేమో అని వణుకు. ఎవరు ఎవరికి భయపడతాండారో చూడండి.

మా వీధిలో ఒక మామ ఉండాడు, కొడుకు టెక్సస్‌లో. ఆయనకి వాట్సాప్‌లో ఈ క్లిప్‌లు వస్తాయి, కింద తెలుగు అక్షరాలు వేసినవి. శివాలయం దగ్గర టీ తాగతా ఫోన్ నా మొహం మీదికి పెట్టి "చూడప్పా అబ్బీ, ఈయప్ప మన మాటే చెప్తాండాడు" అంటాడు. అమ్మానాన్నను గౌరవించాల, కుటుంబం ఉండాల, దేవుడంటే భయముండాల, చదువులో క్రమశిక్షణ ఉండాల. బడ్ లైట్ బీరు సంగతి కూడా ఆయనకు తెలుసు, 2023లో ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్‌తో ఒక ప్రమోషన్ చేస్తే ఈ షోలన్నీ ఎగబడితే అమెరికాలో నంబర్ వన్ బీరు అనే సీటే పోయింది, ఆ సీటు మెక్సికో బీరు మోడెలోకి పోవడం ఇంకో తమాషా. మామ బీరు ముట్టడు, అయినా సంబరం.

2025 సెప్టెంబర్‌లో మామకి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. నెల మొదట్లో చార్లీ కర్క్, ఇట్లాంటి షోనే చేసే మనిషి, మామకి బాగా ఇష్టమైనాయన, ఇండియా వాళ్ళకు ఇంకా వీసాలు అక్కర్లేదు, ఇంక చాలు అని రాసినాడు. పదో తేదీ యూటా వ్యాలీ యూనివర్సిటీలో మాట్లాడతా ఉండగా ఆయన్నే కాల్చి చంపినారు. ముప్పై ఒక్క ఏళ్ళు, ఇద్దరు చిన్న పిల్లలు, మాట నచ్చకపోతే తుపాకీ ఏంది, ఆ రోజు మామ అన్నం తినలేదు. తర్వాత 15వ తేదీ కర్క్ షోని ఉపాధ్యక్షుడు వాన్స్ తనే కూర్చొని నడిపినాడు, ఆయన భార్య ఉష మన తెలుగు కుటుంబం బిడ్డ. ఫాక్స్ యాంకర్ హెగ్సెత్ రక్షణ మంత్రి, పాడ్‌కాస్ట్ చేసే బొంజినో అప్పట్లో ఎఫ్‌బీఐలో రెండో సీటు, షోలు చేసేవాళ్ళే గవర్నమెంట్ అయిపోయినారు అనుకుంటా ఉండగానే 19న ట్రంప్ హెచ్-1బి, అంటే అక్కడ ఉద్యోగం చేసే వీసా, దాని కొత్త పిటిషన్‌కి లక్ష డాలర్లు అన్నాడు. ఏడాదికి ఒకసారా, ఒకేసారా, లోపల ఉన్నవాళ్ళకు కూడానా, ఎవరికీ తెలీదు, ఇండియాకి సెలవు మీద వచ్చినోళ్ళు ఏ ఫ్లైట్ దొరికితే ఆ ఫ్లైట్ ఎక్కినారు. కొత్తవాటికే, ఒకేసారి అని తర్వాత చెప్పినారు గానీ ఆ రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు.

"ఇన్నాళ్ళు మన మాట చెప్పినోళ్ళు ఇట్లా ఎందుకు తిరిగినారు?" అని మామ అడిగితే, వాళ్ళు తిరగలేదు మామా, వాళ్ళు మనతో ఎప్పుడూ మాట్లాడలేదు, మనం గోడ అవతల నిలబడి విన్నాం అన్నా. దీనికి పెద్ద రుజువు నవంబర్‌లో వచ్చింది. ఫాక్స్ యాంకర్ లారా ఇంగ్రాహమ్ తన షోలో ట్రంప్‌నే నిలదీసింది, హెచ్-1బి వల్ల మనవాళ్ళ జీతాలు పడిపోవా అని. బయటి నుంచి టాలెంట్ తెచ్చుకోవాల అని ఆయన, మన దగ్గర టాలెంట్ బోలెడుంది అని ఆమె, లేదు అని ఆయన. హోస్ట్ ప్రెసిడెంట్ కంటే కఠినంగా ఉంది! ఆమె వెనకాల ఫోన్ పట్టుకున్న జనం ఉండారు, అందుకే.

ఆ జనం కోపం అంతా ద్వేషమే అని కొట్టేయలేను. 2015లో ఒర్లాండోలో డిస్నీ సుమారు 250 మంది టెక్ ఉద్యోగుల్ని తీసేసింది, పోయేముందు తమ స్థానంలోకి వచ్చినోళ్ళకు వాళ్ళ చేతే పని నేర్పించినారు. వచ్చినోళ్ళలో చానామంది మన వీసా వాళ్ళు. ఇప్పటికీ ఎవడో ఒకడు ఫోన్ చేసి ఈ కథ చెప్తాడు. మనవైపు కూడా మచ్చ లేకుండా లేదు, 2023 హెచ్-1బి వీసా లాటరీలో 7,80,884 రిజిస్ట్రేషన్లు వస్తే నాలుగు లక్షలకు పైగా ఒకే మనిషి పేరు మీద రెండు మూడు కంపెనీలు వేసినవే, రూల్ మార్చాల్సి వచ్చింది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించే కన్సల్టెన్సీల గురించి మన వీధుల్లో తెలియనోడు ఎవడు? అలాగని ఆన్ కూల్టర్ అనే కన్జర్వేటివ్ రచయిత్రి 2024లో, రిపబ్లికన్ల తరఫున ప్రెసిడెంట్ అభ్యర్థి కావాలని పోటీ పడిన వివేక్ రామస్వామి ముందరే కూర్చొని నువ్వు ఇండియన్‌వి కాబట్టి నీకు ఓటు వేసేదాన్ని కాదు అన్నదానికి ఏ జీతం లెక్కా సాకు కాదు. వివేక్ పుట్టింది అమెరికాలోనే, ఒహాయోలో.

పోయిన వారం మామకి క్లిప్ కాకుండా పూర్తి షో ఒకటి పెట్టిచ్చినా, ఫోన్లు తీసుకునేది. యాడ్లు, తిట్లు దాటుకొని ఫోన్ల దగ్గరికి తీసుకుపోయినా. ఇంగ్లీష్ పట్టుకోలేక నన్నే చెప్పమన్నాడు, ఆపుతా చెప్తా పోయినా. యాభై దాటిన మనిషి ఒకాయన, కంప్యూటర్ ఉద్యోగం పోయి రెండేళ్ళు, ఇప్పుడు గోడౌన్‌లో పెట్టెలు మోస్తాండాడు, కూతురి కాలేజీ అప్పు నెత్తిన ఉంది. హోస్ట్ మధ్యలో అడ్డం పడి చైనా మీదికి తిప్పబోతే వినకుండా మళ్ళీ తన కూతురి దగ్గరికే వచ్చినాడు. మామ చానాసేపు ఏం మాట్లాడలేదు. "వాని కడుపు మంట వానిది" అన్నాడు. తర్వాత, "అయినా దానికి మావాడేం చేసినాడు?" అన్నాడు. అంతలోకి బంగారం యాడ్ వచ్చింది, నా షిఫ్ట్ టైమ్ కూడా అయింది, లేచినా.