ఉత్త డీఎంఎస్‌ఓ గుంట ఏది?

ప్రాజెక్టుల సీజన్ వస్తే మా మైక్రోబయాలజీ ల్యాబంతా ఎండుటాకుల వాసనే. వేప, తులసి, నేలవేము, ఉత్తరేణి... బాక్టీరియా మీద పనిచేస్తాయేమో పరీక్షించడానికి ఎమ్మెస్సీ పిల్లలు ఎవరికి తోచింది వాళ్లు తెస్తారు. నేను మాత్రం ఒక్కరి చేతనైనా కరక్కాయ చేయిస్తాను. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా మీద అది దాదాపుగా నిరాశపరచదు.

పెచ్చుల్ని పొడి కొట్టి మిథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ఆ మిథనాల్‌ని రోటరీ ఎవాపరేటర్‌లో ఎగరగొట్టాలి. అడుగున మిగిలిన జిగురును తూచి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించాలి. ఇటు బాక్టీరియాని సెలైన్‌లో కలిపి, దాని మసకదనం 0.5 మెక్‌ఫర్లాండ్ అనే ప్రమాణానికి సరిపోయేలా చూసుకోవాలి. అంటే మిల్లీలీటరుకి సుమారు 15 కోట్ల కణాలు. బాక్టీరియాని పెంచే జెల్లీలాంటి ముల్లర్ హింటన్ అగార్ మీద దాన్ని దూదిపుల్లతో సమంగా పూసి, కార్క్ బోరర్‌తో గుంటలు చేసి, మందు పోసి, రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచాలి.

మందు పనిచేస్తే గుంట చుట్టూ బాక్టీరియా పెరగని వలయం వస్తుంది, దాన్నే జోన్ అంటాం. పొద్దున ప్లేటు తీయగానే "మేడం, ఎంత పెద్ద జోన్ వచ్చిందో!" అని పరుగెత్తుకొస్తారు. ఆ సంబరం నాకూ ఇష్టమే. అయినా ముందు ప్లేటుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడమంటాను. కరక్కాయలో టానిన్లు ఎక్కువ. గుంట చుట్టూ గోధుమరంగు మరక పడుతుంది. చాలామంది స్కేలు పెట్టేది ఆ మరక అంచుకే. బాక్టీరియా పొర ఎక్కడ ఆగిపోయిందో ఆ అంచు వేరు, కొలవాల్సింది దాన్ని.

తర్వాత నా ప్రశ్న ఒకటే: ఉత్త డీఎంఎస్‌ఓ పోసిన గుంట ఏది? మోతాదు మించితే డీఎంఎస్‌ఓ కూడా బాక్టీరియాని పెరగనివ్వదు. సరిగా ఎగరని మిథనాల్ సంగతీ అంతే. ఆ గుంట లేని ప్లేటులో జోన్ ఎంత పెద్దదైనా, ఆ గొప్ప కరక్కాయదో ద్రావకానిదో ఎలా తేలుతుంది?

జోన్ సైజుని బట్టి మొక్కలకి ర్యాంకులివ్వడం కూడా నాకు నచ్చదు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు, అగార్‌లోకి పాకదు. చిన్న జోన్ వచ్చిందని దాన్ని తీసిపారేస్తే అన్యాయం. అందుకే ఎంఐసీ, అంటే బాక్టీరియాని పెరగనివ్వని కనీస మోతాదు, చూడాలి. 96 గుంటల ప్లేటులో మందుని సగం సగం పలుచన చేసుకుంటూ పోయి, చివర్లో రెసజురిన్ అనే నీలిరంగు వేస్తాం. బాక్టీరియా బతికుంటే ఆ నీలం కాస్తా గులాబీ రంగుకి తిరుగుతుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. మొక్కల రసాల్లోని యాంటీఆక్సిడెంట్లు బాక్టీరియా లేకపోయినా ఆ రంగు మార్చగలవు. కాబట్టి రసం మాత్రమే ఉన్న గుంటలు కూడా పెట్టాల్సిందే. నీలంగా మిగిలిన గుంటల్లోంచి కొంచెం తీసి కొత్త అగార్ మీద పూస్తేగానీ, బాక్టీరియా చచ్చిందో పెరగడం మాత్రమే ఆగిందో తెలియదు.

ఇదంతా చేశాక కూడా "మందు దొరికింది" అని రాస్తే నేను కొట్టేస్తాను. ప్లేటులో ఫినాయిల్ కూడా బాక్టీరియాని చంపుతుంది. మనిషి కణాలకి హాని చేయకుండా, ఒంట్లో చేరాల్సిన చోటికి చాలినంత చేరుతుందా అన్నది వేరే పెద్ద పని.

ఈ ఏడాది పిల్లలకి ఇంకో షరతు పెట్టాను. మూలికల కొట్లో కొన్న పొడి తేవద్దు. మొక్కనో కాయనో తెచ్చి బోటనీ వాళ్లకి చూపించి, పేరు ఖాయం చేయించుకుని, హెర్బేరియం షీటు (ఎండబెట్టి భద్రపరిచిన మొక్క నమూనా) నంబరు రికార్డులో రాశాకే, రసం తీసే సాక్స్‌లెట్ పరికరం ఉన్న గదిలోకి రానిస్తాను.